ఇత్తడి షిమ్ము

రామమోహనరావు చెడ్డవాడేమీ కాదు. ఆ ముక్క ముందే చెప్పెయ్యాలి. చెడ్డవాడే అయితే ఈ గొడవ నాలుగు కేకలతో, ఒక ఏడుపుతో తేలిపోయేది. ఇంత చేదు మిగిలేది కాదు. తాగడు. పేక ముట్టడు. పెళ్లాం మీద చెయ్యెత్తిన పాపాన పోలేదు. ఆదివారం కూరల బజారుకి తనే సంచీ పట్టుకుని వెళతాడు. అలాంటి మొగుడి మీద ఫిర్యాదు చేద్దామన్నా ఇందుమతికి మాట దొరికేది కాదు. దొరకవలసిన అవసరమూ చాలా ఏళ్ల వరకు రాలేదు.

ఆయన విజయనగరం నుంచి ఫిట్టరుగా భిలాయి వచ్చాడు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం, మరోదా కాలనీలో రెండు గదుల క్వార్టరు. ఇందుమతి కాపురానికొస్తూ ఒక ట్రంకుపెట్టె, కాలితో తొక్కే ఒక కుట్టుమిషను తెచ్చుకుంది. మిషను అప్పటికే పాతది. వాల్తేరులో ఎవరో రైల్వే దొరసాని ఇల్లు ఖాళీ చేసి పోతుంటే ఇందుమతి మేనత్త కొన్నదట. విలాయతీ సరుకు. గోనెపట్టా చుట్టుకుని రైలు బ్రేక్ వానులో వచ్చి దుర్గ్ స్టేషన్లో దిగింది, కొత్త పెళ్లికూతురికి తోడుపెళ్లికూతురులా.

మరోదాలో ఆవిడ పేరు ఇందుమతి అని సగం మందికి తెలియదు. తెలుగువాళ్లకి ‘మిషనొదిన’. హిందీవాళ్లకి ‘మశీన్‌వాలీ దీదీ’. ఎవరి పిల్లకి గౌను కావాలన్నా, ఎవరి రవికె చంకలో బిగిసినా ఆ గుమ్మంలోకే వచ్చేవారు. వచ్చినవాళ్లు ఊరికే పోరు కదా, కూర్చుని నాలుగు కబుర్లు చెప్పేవారు. ఒడియా వాళ్లావిడ అత్తగారి బాధలు, బెంగాలీ వాళ్లావిడ నడుం నొప్పి, అన్నీ ఆ మిషను చప్పుడులోనే ఇందుమతి చెవిన పడేవి. చదువు పెద్దగా లేదు, రూపం అంతంతమాత్రం, పిల్లలు కలగలేదు. కానీ మిషను ముందు కూర్చుంటే తానొక మనిషినని ఆవిడకి గట్టిగా అనిపించేది. ఇంత ప్రాణం ఒక ఇనుప వస్తువు మీద పెట్టుకోవచ్చునా అంటే, మనుషులు దేనిమీద పెట్టుకోరు గనక!

ఆసియా ఆటలు జరిగిన ఏడాది రామమోహనరావుకి ఆఫీసరు ప్రమోషను వచ్చింది. మరోదా వదిలి ఆఫీసర్లుండే రుఆబాంధాలో పెద్ద క్వార్టరుకి మారారు. ముందు తోట, పక్కన స్కూటరు షెడ్డు, పలకరిద్దామంటే పలికే గుమ్మం లేదు. అక్కడి ఆడవాళ్లు ఒకరింటికొకరు వెళ్లేముందు ‘రావచ్చునా’ అని కబురు పంపుకుంటారు. మరోదా నుంచి లక్ష్మీకుమారి మాత్రం ఇంకా గుడ్డలు పట్టుకుని వచ్చేది. ఆవిడ కూతురికి ఓణీలు వేసే వేడుక దగ్గరపడింది. పట్టు లంగా, నాలుగు జాకెట్లు కుట్టిపెడతానని ఇందుమతి మాటిచ్చింది.

దీపావళికి ఆఫీసర్ల క్లబ్బులో టీ పార్టీ. రామమోహనరావు పైఅధికారి పార్థసారథి గారి భార్య కుముదిని అందరి ముందూ నవ్వుతూ, “మీరు జాకెట్లు చాలా బాగా కుడతారట కదండీ! మా ఇంటికొచ్చి కొలతలు తీసుకుంటారా, గుడ్డ మా పనిపిల్లతో పంపమంటారా?” అని అడిగింది. ఆవిడ పాపం మంచి మనసుతోనే అంది. ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది. ఈ కొత్తచోట కూడా ఎవరికో తన పని కావలసి వచ్చిందన్న సంతోషంతో ఇంటికొచ్చి దారప్పెట్టె సర్దుకుంది. రామమోహనరావు ఆ పూట అన్నం తినలేదు. కడుపులో బాగులేదన్నాడు. నిజమే అనుకుని ఆవిడ వాము నీళ్లు కాచి ఇచ్చింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే మిషను కుట్లు వదిలేయడం మొదలుపెట్టింది. ఒకటి పడితే మూడు ఎగిరిపోతున్నాయి. ఇందుమతి సూది మార్చింది. దారం మార్చింది. నూనె వేసి, తుడిచి, మళ్లీ వేసింది. పట్టు గుడ్డ మీద వదులు దారం పురుగులా పడి ఉండటం చూస్తే ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా.

“ఏడుస్తావేటి ఇందూ, చిన్న పిల్లలా? నేను దుర్గ్ తీసుకెళ్లి చూపిస్తానులే” అన్నాడు రామమోహనరావు. మిషను తలకాయ ఊడదీసి, గోనెలో చుట్టి, స్కూటరు మీద కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకెళ్లాడు. వారం పోయాక అలాగే తెచ్చాడు.

“స్టేషన్ రోడ్డులో బిసాహూ అని మిస్త్రీ. పెద్ద పేరున్నవాడేనట. షటిల్ అరిగిపోయిందన్నాడు. కొత్తది వేసేడు గానీ గ్యారంటీ లేదన్నాడు. పాతదైపోయింది కదా!”

దారాన్ని అందుకుని కుట్టు వేసేది ఆ షటిలే. అది పోతే మిషనుకి ప్రాణం పోయినట్టే. ఇందుమతి కూర్చుని తొక్కింది. అదే తంతు, ఒకటి పడితే మూడు ఎగిరిపోవడం.

“మరి మన పాత షటిల్ ఏదండీ?”

“పారేసుంటాడు.”

“పారేస్తాడేటి! విలాయతీ సరుకండీ అది. నొక్కీసుంటాడు. మనకి రేకు ముక్కేదో తగిలించీసేడు.”

కుట్టుపని చేసే ఆడవాళ్లందరికీ ఉండే అనుమానమే అది. మిస్త్రీ చేతికి మిషనిస్తే అసలు సరుకు తీసి నకిలీ పెడతాడని. రామమోహనరావు, “అంతేలే, దొంగ వెధవలు” అన్నాడు. అన్న తర్వాత మొహం పేపరు చాటుకి పెట్టుకున్నాడు. ఇందుమతి ఆ మాట పట్టుకుని ఊరంతా చాటింది. బిసాహూ దొంగ అని లక్ష్మీకుమారికి చెప్పింది, మరోదా వెళ్లి చెప్పింది, కుముదిని పనిపిల్లకి కూడా చెప్పింది. ఎన్నడూ చూడని మనిషిని అంత నోరారా తిట్టడం ఆవిడకి అదే మొదలు.

తిట్టినంత మాత్రాన జాకెట్లు అవవు కదా. వేడుక తరుముకొస్తోంది. ఒక రోజు మొగుడు డ్యూటీకి వెళ్లగానే ఇందుమతి మిషను తలకాయని గోనెలో చుట్టుకుని టెంపో ఎక్కింది. తన షటిల్ తాను తెచ్చుకోవాలి. అంతే ఆవిడ లెక్క.

బిసాహూ దుకాణం వెతకనక్కర్లేదు, మనిషి కంటే ముందు గొంతే వినిపిస్తుంది. లావుపాటి మనిషి, నోటినిండా పాను. దుర్గ్ నుంచి రాజనాందగావ్ దాకా తనంత మిస్త్రీ లేడని ఎవరో టైలరుతో చెబుతున్నాడు. దుకాణం ముందు ఇంకో నలుగురైదుగురున్నారు. వాళ్లలో ఒకడు ప్లాంటు యూనిఫాంలోనే ఉన్నాడు.

ఇందుమతి గోనె దించి, తనకొచ్చిన హిందీలో విరుచుకుపడింది. “మేరా షటిల్ కహాఁ హై? తుమ్ చోరీ కియా!” నా షటిల్ ఏది, నువ్వే దొంగిలించావు అని.

బిసాహూ మిషను వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. “యే మశీన్ మేరీ దుకాన్ మే కభీ ఆయీ హీ నహీఁ, దీదీ” అన్నాడు. ఈ మిషను అసలు నా దుకాణం గడపే తొక్కలేదని. దొంగ ఇంకేమంటాడు అనుకుంది ఇందుమతి. గొంతు ఇంకా పెంచింది. దాంతో బిసాహూకీ తిక్క రేగింది. ఇక్కడే, పదిమంది ముందూ విప్పుతాను, నా చెయ్యి పడినట్టు తేలితే దుకాణం మూసేస్తాను అని కేకేసి, మిషనుని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు.

షటిల్ బయటికి తీసి గుడ్డతో తుడిచాడు. దాని మీద కంపెనీ ముద్ర, అరిగి మాసినా, స్పష్టంగా కనిపించింది. మేనత్త చేతుల్లో నలిగిన అసలు షటిలే. బిసాహూ అంతటితో ఊరుకోలేదు. షటిల్ తిరిగే గూడుని బిగించిన స్క్రూలు విప్పి, ఆ గూడుని పక్కకి తీశాడు. దాని కిందనుంచి పల్చటి ఇత్తడి రేకు ముక్క ఒకటి జారి బల్ల మీద పడింది.

గోరంత మందం కూడా లేదు. ఆ కాస్త ఎత్తుకే గూడు సూదికి దూరం జరిగింది, షటిల్ ముక్కు దారాన్ని అందుకోలేకపోతోంది. రోగం అంతే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బిసాహూ ఈశ్వరుడు కాడు గనక పట్టేశాడు. పట్టుకున్నది ఎవరినో ఆయనకి తెలియదు. ఇందుమతికి తెలుసు. ప్లాంటులో దాన్ని షిమ్ము అంటారు. రెండు ఇనుప భాగాల మధ్య సందు సరిచెయ్యడానికి ఫిట్టర్లు పెట్టే రేకు. రామమోహనరావు ఇంట్లో ఏది కదిలినా షిమ్మే పెడతాడు. మంచం కోడు కింద షిమ్ము, బీరువా కింద షిమ్ము, రుబ్బురోలు కింద కూడా షిమ్మే. చేతికి గీసుకోకుండా నాలుగు మూలలూ ఆకురాయితో అరగదీసి గుండ్రంగా చేస్తాడు. అంత ఓపిక ఇంకెవరికీ లేదని ఇందుమతే చుట్టుపక్కల గొప్పగా చెప్పుకునేది. బల్ల మీద రేకుకి నాలుగు మూలలూ గుండ్రంగా ఉన్నాయి. తన పని పాడుచెయ్యడానికి కూడా ఆయన అంత శ్రద్ధగానే చేశాడు.

బిసాహూ ఆ ముక్కని వేళ్లతో పైకెత్తి అందరికీ చూపించాడు. గెలిచిన సంతోషం దాచుకోవడం ఆయనకి చేతకాదు. “యే బాజార్ కా మాల్ నహీఁ హై. ప్లాంట్ కా హై! ఘర్ మే ఫిట్టర్ కౌన్ హై, దీదీ?” అన్నాడు. ఇది బజారు సరుకు కాదు, ప్లాంటుది, మీ ఇంట్లో ఫిట్టరెవరు అని.

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్లాంటు యూనిఫాంలో ఉన్న మనిషి మెడ సాచి ఇందుమతి మొహంలోకి చూశాడు. ఎక్కడో చూసినట్టుందే అన్న చూపు అది. ఈ మాట రేపు పొద్దున్నకి ప్లాంటులో పడుతుంది, ఎల్లుండికి క్లబ్బులో. ఆఫీసరు రామమోహనరావు పెళ్లాం మిషను పాడుచేశాడట అని నవ్వుతారు. మొగుడి పరువు పోతుంది. నిజం తెలిసి, కళ్లముందు కనబడుతుండగా, ఇందుమతి వేలెత్తి బిసాహూని చూపించింది.

“తుమ్ హీ రఖా! అభీ హాథ్ మే సే డాలా. మై దేఖా!”

నువ్వే పెట్టావు, ఇప్పుడే చేతిలోంచి జారవిడిచావు, నేను చూశాను అని. అంతటి అబద్ధం ఆవిడ జన్మలో ఆడలేదు. ఆడటం ఇంత సులువని కూడా అప్పటిదాకా తెలియదు. పక్కనున్న టైలరు, “ఔరత్ ఝూఠ్ క్యోఁ బోలేగీ?” అన్నాడు. ఆడమనిషి అబద్ధమెందుకు చెబుతుంది అని. ఇంకొకావిడ తను తెచ్చుకున్న చేతిమిషనుని మెల్లిగా వెనక్కి లాక్కుంది.

అంతసేపూ ఊరు దద్దరిల్లేలా మాట్లాడిన బిసాహూ లేచి వెళ్లి పాను ఉమ్మి వచ్చాడు. ఇత్తడి రేకుని ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టాడు. గూడు బిగించాడు, షటిల్ పెట్టాడు, స్క్రూలన్నీ గట్టిగా తిప్పాడు. గోనెలో చుట్టి ఆవిడ ముందుకు తోశాడు.

“జైసీ లాయీ థీ, వైసీ లే జాఓ.” ఎలా తెచ్చావో అలాగే తీసుకుపో.

తిరుగు ప్రయాణంలో ఇందుమతి ఒడిలో మిషను పెట్టుకుని ఆలోచించింది. మొగుడు సిగ్గుపడతాడు. కుట్టడం తనకి నామోషీగా ఉందని ఇప్పటికైనా నోరు విప్పి చెబుతాడు. చెబితే మానేద్దాం. లక్ష్మీకుమారికి ఏదో ఒకటి సర్దిచెప్పుకోవచ్చు. నిజంగానే మానెయ్యడానికి సిద్ధపడింది. మనసు అంత మెత్తబడి ఉంది పాపం, ఆయన కోసం అంత పాపం మూటగట్టుకున్నాక కూడా.

రామమోహనరావు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గోనె చూశాడు. ఇందుమతి జరిగిందంతా చెప్పింది. ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు.

“ఏటి చెయ్యమంటావు ఇందూ? క్లబ్బులో ఆవిడ అందరి ముందూ ఇంటికొచ్చి కొలతలు తీసుకోమంది. వెనకాతల ఎవడో నవ్వేడు. నాకు తల కొట్టేసినట్టయింది.”

“నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ. మానేసీదాన్ని.”

“అంటే నువ్వు బాధపడతావని... నీ మనసు నొప్పించడం నాకిష్టం లేకే కదా!”

“దుర్గ్ తీసుకెళ్లనే లేదేటి?”

“లేదు. మా షాపు ఫిట్టరు ధర్మారావు ఇంట్లో మంచం కింద పెట్టేను. ఆ మిస్త్రీ బోర్డు దారిలో కనబడితే ఆ పేరే చెప్పేసేను.” గొంతు తగ్గించి, “నా పేరు బయటికి రాలేదు కదా?” అని అడిగాడు.

“రాలేదు. ఆయన మీదకే తోసీసేను. దొంగని చేసీసేను.”

రామమోహనరావు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. “మంచి పని చేసేవు ఇందూ” అన్నాడు. ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ ఇందుమతికి ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్ల కాపురంలో తను కుట్టిన ఒక్క గుడ్డ చూసి ఆయన ‘మంచి పని’ అనలేదు. వంట మెచ్చుకున్నాడు గానీ పని మెచ్చుకోలేదు. మొదటిసారి మెచ్చుకున్నది దీన్ని, ఒక నిజాయితీపరుడి నోట మట్టి కొట్టినందుకు. మానేద్దామన్న మెత్తదనం ఆవిడలో ఆ క్షణాన చచ్చిపోయింది. అసహ్యం వేసింది, ఆయన మీద సగం, తన మీద సగం.

ఆదివారం ఆయన కూరలకి వెళ్లగానే ఆవిడ మళ్లీ మిషను చుట్టుకుని దుర్గ్ వెళ్లింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకోండి. తొక్కేశాక కడుక్కోక తప్పదు. దుకాణం ముందు ముగ్గురు నలుగురున్నారు. వాళ్ల ముందు నిలబడి, “మేరా ఆద్మీ రఖా థా. ఇన్ కా గల్తీ నహీఁ. మై ఝూఠ్ బోలా” అంది. నా మొగుడే పెట్టాడు, ఈయన తప్పు లేదు, నేను అబద్ధమాడాను.

వాళ్లకి ఏమీ అర్థం కాలేదు. ఏం పెట్టాడు, ఎక్కడ పెట్టాడు, ఈ మదరాసీ ఆవిడ ఎవరు? ఒకడు నవ్వు ఆపుకుంటూ పక్కవాణ్ణి పొడిచాడు. బిసాహూ చేతిలో పని ఆపకుండానే, ఆ రోజు విన్నవాళ్లు వీళ్లు కాదు దీదీ అన్నాడు. ఆ టైలరు మళ్లీ రాలేదన్నాడు. చేతిమిషను ఆవిడ ఇంకో దుకాణానికి వెళ్లిందన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇందుమతికి కొంచెం తేలికయ్యేది.

“బాగుచేసి పెట్టండి భయ్యా” అని బతిమాలింది, సగం తెలుగులో, సగం హిందీలో. బిసాహూ తల అడ్డంగా ఊపాడు. నేను ముట్టుకుంటే మళ్లీ రేపు నేనే పెట్టానంటారు. పెట్టినవాడు మీ ఇంట్లోనే ఉన్నాడు, ఆ చేత్తోనే తీయించుకోండి అన్నాడు.

ఇంటికొచ్చి మిషనుని స్టాండు మీద బిగించి, ముందుగదిలో రామమోహనరావు కుర్చీకి ఎదురుగా పెట్టింది.

“ఏటన్నాడు?” అన్నాడాయన.

“పెట్టినోడే తియ్యాలన్నాడు. మీ ప్లాంటులోనూ అదే కదండీ రూలు? రిపేరుకి మిషను ఆపించి షట్‌డౌన్ తీసుకున్నోడే వెనక్కివ్వాలి, ఇంకోడు ముట్టుకోకూడదని మీరే చెప్పీవోరు.” మొలలో దోపుకొచ్చిన స్క్రూడ్రైవరు తీసి ఆయన పక్కన బల్ల మీద పెట్టింది. “తియ్యండి.”

నాలుగు స్క్రూలు. ఆయన చేతికి అదెంత పని! కానీ తీస్తే పెట్టినట్టు ఒప్పుకోవాలి. ఇంట్లో ఇద్దరే ఉన్నా, ఆ ఒప్పుకోవడం చేతులతో చెయ్యడం ఆయన వల్ల కాలేదు. “తర్వాత చూద్దాంలే” అన్నాడు. లక్ష్మీకుమారి వచ్చి పట్టుగుడ్డ, సగం కుట్టిన జాకెట్లు మడిచి పట్టుకుపోయింది. వెళుతూ ఇందుమతి మొహం వంక కూడా చూడలేదు. ఇందుమతి తనంత తానే విప్పుకోలేక కాదు, బిసాహూ విప్పడం కళ్లారా చూసింది. విప్పలేదు. పంతమనండి, పొగరనండి, ఆవిడ ప్రాణమంతా ఆ పంతంలోకి పోయింది. పొద్దున్నే మిషను తుడవడం, నూనె వెయ్యడం, స్క్రూడ్రైవరు మీద దుమ్ము దులిపి మళ్లీ ఆయన పక్కనే పెట్టడం. చేతులకి ఇంకో పని లేదు. రాత్రి కలలో కూడా మిషను చప్పుడు వినబడి ఉలిక్కిపడేది.

ఉగాది వెళ్లాక ఒక సాయంత్రం కుముదిని, పార్థసారథి గారూ కాఫీకి వచ్చారు. రామమోహనరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ అంచున కూర్చుని, పైఅధికారి అన్న ప్రతి మాటకీ నవ్వుతున్నాడు. కుముదిని కాఫీ తాగుతూ మిషను వంక చూసింది.

“ఇంకా బాగవలేదా ఇందుమతి గారూ? మా పనిపిల్ల చెప్పింది, దుర్గ్‌లో ఎవడో దొంగ మిస్త్రీ మోసం చేశాడటగా?”

“అతను దొంగ కాదండి” అంది ఇందుమతి. గ్లాసులు ట్రేలో సర్దుతూ, తొందరేమీ లేకుండా అంది. “అతను ఒక్కడే నిజం చెప్పేడు. నేనే తప్పుగా అన్నాను.”

“అయితే మరి ఎందుకు బాగుచేయించుకోలేదూ?”

రామమోహనరావు నవ్వు మొహం మీదే ఉండిపోయింది. కళ్లతో బతిమాలుతున్నాడు. ఆ చూపు ఇందుమతి చూసింది. ఒకప్పుడైతే ఆ చూపు కోసం ప్రపంచంలో ఎవరినైనా దొంగని చేసి ఉండేది.

“చేసే ఆయనకి మనసు రాలేదండి” అంది ఆవిడ. “మీరే ఒక మాట చెప్పండి. మీ మాటైతే వింటారు.”

“ఎవరికమ్మా?” అని అడిగాడు పార్థసారథి. ఇందుమతి బల్ల మీద ఉన్న స్క్రూడ్రైవరు తీసి, అందరూ చూస్తుండగా, మొగుడి చేతిలో పెట్టింది.